రోజుకు ఎనిమిది

కాలం–పని పాఠానికి పుస్తకంలోని లెక్కలు నేను వాడను. ఆ గోడ కట్టే ఎ, బి, సిల మీద పిల్లలకు నమ్మకం ఉండదు. అందుకని పోయిన సంవత్సరం ఎనిమిదో తరగతిలో మా ఇంటి లెక్కనే బోర్డు మీద రాశాను. ఇద్దరు అన్నదమ్ములు కలిసి 240 రిజిస్టర్లను పన్నెండు రోజుల్లో బైండింగ్ చేస్తారు. తమ్ముడు ఒక్కడే చేస్తే ఇరవై రోజులు పట్టింది. అన్న ఒక్కడే చేస్తే ఎన్ని రోజులు పడుతుంది?

తమ్ముడు మా ఆయన. అన్న మా బావగారు. మా ఇంటి ముందుగదే వాళ్ల బైండింగ్ దుకాణం. దాన్ని మొదలుపెట్టింది బావగారు. మా ఆయనకు పదహారేళ్లప్పుడు సూదీ దారం చేతికిచ్చి పని నేర్పింది కూడా ఆయనే. రికార్డు ఆఫీసు నుంచి ప్రతి ఏడూ ఒకసారి 240 పాత రిజిస్టర్లు వచ్చేవి. పాత కుట్టు విప్పి, చిరిగిన చోట సన్న కాగితం అతికి, మళ్లీ కుట్టి, అట్టలు వేసి పంపాలి. ఎప్పుడూ పన్నెండు రోజుల పని. పోయిన సంవత్సరం మాత్రం సరిగ్గా ఆ సమయానికే బావగారికి కంటి ఆపరేషన్ జరిగింది. కంటికి కట్టుతో ఆయన పక్కన కూర్చున్నారే కానీ పనిలో చెయ్యి పెట్టలేదు. మా ఆయన ఒక్కరే చేశారు. ఇరవై రోజులు పట్టింది.

చివరి కట్ట ఆఫీసు బండి ఎక్కిన రోజు నేను ఎగతాళి చేశాను కూడా.

"ఇరవై రోజులా? బావగారు లేకపోతే మీ ప్రతాపం ఇంతేనన్నమాట."

"చూశావా మరి, మా అన్నయ్యంటే ఏమనుకున్నావు?" అని మా ఆయన నవ్వారు.

ఆ మర్నాడే దాన్ని తరగతికి తీసుకెళ్లాను. చేతిలో తయారుగా ఉన్న లెక్క. అంకెలు కూడా చక్కగా భాగారం అవుతాయి.

వెనక బెంచీలో ఒకమ్మాయి ఉండేది. ప్రతిదానికీ అడ్డుప్రశ్న వేస్తుందని పిల్లలు ఆమెను వకీలు అని పిలిచేవాళ్లు. ఆమె లేచింది.

"టీచర్, ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటే?"

"లెక్కల్లో ఎవరూ కబుర్లు చెప్పుకోరు."

"పోట్లాడుకుంటే?"

"పోట్లాడుకోరు."

"మరి అన్నదమ్ములెలా అయ్యారు టీచర్?"

తరగతి అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. తర్వాత వరుసగా చేయించాను. ఇద్దరూ కలిస్తే రోజుకు ఇరవై. తమ్ముడు ఒక్కడే అయితే రోజుకు పన్నెండు. ఇరవైలోంచి పన్నెండు తీసేస్తే అన్న వంతు ఎనిమిది. రోజుకు ఎనిమిది చొప్పున 240 పూర్తి కావాలంటే ముప్పై రోజులు. నలభై రెండు నోటుబుక్కుల్లో ముప్పై అనే జవాబు పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాను.

ఆ తర్వాత మూడు నెలలకు మా ఆయన జబ్బు బయటపడింది. డాక్టరు రిపోర్టులు అటూ ఇటూ తిప్పి, "ఒక మూడు నెలలు ముందు వచ్చి ఉంటే" అన్నాడు. ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చెయ్యలేదు. మేమూ అడగలేదు. ఏడు తిరక్కుండానే మా ఆయన పోయారు.

ఆయన పోయిన రెండు నెలలకు, ఈ ఏటి రిజిస్టర్లు వచ్చే వేళకు, రికార్డు ఆఫీసు సూపరింటెండెంటు స్వయంగా ఇంటికి వచ్చాడు. నెమ్మదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"టీచరుగారూ, ఇలాంటి సమయంలో అడగకూడదు. పైనుంచి మెషిన్ బైండింగుకి ఇచ్చెయ్యమంటున్నారు. మీరు గడువు చెప్తే ఈ ఏడాదికి నేను ఆపగలను. గడువు దాటితే మాత్రం ఇంక నా చేతుల్లో ఉండదు. పని అటు పోతే మళ్లీ ఇటు రాదు."

బావగారు కుట్టు చట్రం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నా వైపు చూశారు.

ఆ దుకాణానికి మిగిలిన పెద్ద పని అదొక్కటే. అది పోతే ముందుగదికి తాళం వెయ్యాలి. బావగారికి భార్యాపిల్లలు లేరు. రెండు వీధుల అవతల ఒక గదిలో ఉంటారు. ఆ గదిలో ఆయన పడుకుంటారు, ఇక్కడ బతుకుతారు. నా సంగతి కూడా చెప్పాలి. పొద్దున బడికి తయారవుతున్నప్పుడు ముందుగదిలో పుస్తకాల వీపులు కొట్టే సుత్తి చప్పుడు వినిపించకపోతే ఆ ఇంట్లో నేను ఉండలేననుకున్నాను.

"ముప్పై రోజులు," అన్నాను.

"ఖాయమేనా?"

"రోజుకు ఎనిమిది చొప్పున. లెక్క కట్టే చెబుతున్నాను."

సూపరింటెండెంటు బావగారి వైపు తిరిగాడు. "ఏమంటారు పెద్దాయనా?"

"నేనేమంటాను. మా టీచరమ్మ లెక్క తప్పిందంటే ఊళ్లో గడియారాలన్నీ తప్పినట్టే," అన్నారు బావగారు.

ఆ మాటకు సూపరింటెండెంటు నవ్వి లేచాడు. బావగారు నవ్వలేదు. అది నేను ఆరోజు పట్టించుకోలేదు.

నేను బడినుంచి తిరిగి వచ్చే వేళకు బావగారు వెళ్లిపోయి ఉండేవారు. గోడ వారన పూర్తయిన రిజిస్టర్లు, వీపులన్నీ ఒకే వరసలో, దొంతరగా పేర్చి కనిపించేవి. సంచీ భుజాన ఉండగానే లెక్కపెట్టేదాన్ని. మొదటిరోజు ఎనిమిది. రెండోరోజు పదహారు. వారానికి యాభై ఆరు. ఒక్కటి ఎక్కువా లేదు, ఒక్కటి తక్కువా లేదు. ఎవరైనా మనిషి రోజూ సరిగ్గా ఒకే అంకె పని చేస్తాడా అని నాకు అనుమానం రావాలి. రాలేదు. జవాబు సరిపోతే చేసిన పద్ధతిని మళ్లీ చూడకపోవడం మా వృత్తిలో ఉన్న జబ్బు. పిల్లల్ని దానికి మందలిస్తాను.

ఇరవై రెండో రోజు మా బడికి సెలవు. నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం ఆఫీసు ప్యూను వచ్చాడు. ఒక సంవత్సరం తాలూకు రిజిస్టరు మర్నాడు పొద్దున్నే కావాలట.

"నేను తీస్తానులే ఉండమ్మా," అని బావగారు స్టూలు మీదనుంచి హడావిడిగా లేచారు. అప్పటికే నేను దొంతరలోంచి ఆ సంవత్సరం ఉన్నదాన్ని లాగాను. ప్యూను చేతికిచ్చాను. అతను పేజీ చూసుకోవడానికి మధ్యకు తెరిచాడు.

రిజిస్టరు వీపు పటుక్కున విరిగింది. కాగితాలు అతని చేతుల్లోంచి జారి నేలంతా పరుచుకున్నాయి. ఖాళీ అట్టలు మాత్రం చేతిలో మిగిలాయి.

"అమ్మగారూ, ఇది రిజిస్టరా, పేక ముక్కలా?" అన్నాడు ప్యూను. అని, బావగారి మొహం చూసి తలొంచుకున్నాడు.

ముగ్గురం కూర్చుని కాగితాలు ఏరాం. అంకెల వరసలో పెట్టి, పాత తువ్వాల్లో కట్టి అతనికిచ్చాను. అతను వెళ్లాక నేను దొంతరలోంచి ఇంకొకటి తీసి తెరిచాను. ఇంకొకటి తీశాను. కుట్టు లేదు. వీపుకు దట్టంగా జిగురు పూసి, దాని మీద గుడ్డ అతికి, అట్టలు వేసి ఉంది.

"ఎన్ని కుట్టారు బావగారూ?"

"ముప్పై." మళ్లీ "ముప్పై ఒకటి" అన్నారు.

దొంతరలో నూట డెబ్భై పైగా ఉన్నాయి.

"మిగతావి?"

"గడువులోపు మిగతావి కూడా కుట్టేద్దామనుకున్నానమ్మా. రోజూ పొద్దున వచ్చి జిగురు వేసినవి విప్పి కుడదామని. కుదిరేది కాదు." ఆయన అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మాట్లాడుతున్నారు. వేళ్ల చివర సూది పొడిచిన మచ్చలు నల్లగా ఉన్నాయి. "నువ్వు ఎనిమిదన్నావు కదా. సాయంత్రానికి ఎనిమిది పేర్చకుండా తలుపు వేసి వెళ్తే ఏదో దొంగతనం చేసినట్టుండేది."

"ఆరోజే చెప్పొచ్చు కదా, మీవల్ల కాదని?"

"ఎలా చెప్పను? సరిగ్గా వాడు పోయిన రెండు నెలలకి, బయటివాడి ముందు, నాకు పని రాదని చెప్పుకోనా?"

నేను చేతిలోని రిజిస్టరు కింద పెట్టాను. ఆయనే మళ్లీ అన్నారు.

"నాలుగేళ్లయిందమ్మా. మడతలో రంధ్రం కనపడదు. తడుముకుంటూ పొడుస్తాను. సగం సార్లు సూది మడత తప్పి పక్కన దిగుతుంది. ఆపరేషను చేశాక వెలుతురైతే వచ్చింది, సూదిమొన మాత్రం రాలేదు."

"మరి ఇన్నేళ్లూ ఎలా జరిగింది?"

"వాడున్నాడుగా. సాయంత్రం నేను వెళ్లాక నా కుట్లు విప్పి మళ్లీ కుట్టేవాడు. నాకు తెలీదనుకునేవాడు పిచ్చి వెధవ. నా ముడి వేరు, వాడి ముడి వేరు. పొద్దున వచ్చి చూస్తే నా పుస్తకానికి వాడి ముడి ఉండేది. నేను చూడనట్టు ఊరుకునేవాణ్ణి. వాడు చెయ్యనట్టు ఊరుకునేవాడు."

సాయంత్రాలు వంటింట్లో నేను పరీక్ష కాగితాలు దిద్దుకుంటుంటే ముందుగదిలో దీపం వెలిగి ఉండేది. 'ఏదో సర్దుతున్నాను' అనేవారు ఆయన. అన్న వెళ్లాక దుకాణం సర్దుకుంటున్నారనే అనుకునేదాన్ని.

అప్పుడు నాకు ఒక విషయం తట్టింది. తరగతిలో అయితే దాన్ని ఏ పిల్లైనా అడగాల్సింది. అన్న చెయ్యి కలిసినా పెద్ద లాభం లేనప్పుడు, అన్న లేనందువల్ల నష్టం కూడా ఉండకూడదు. మరి పోయిన సంవత్సరం ఇరవై రోజులు ఎందుకు పట్టింది?

అదే అడిగాను. బావగారు నేలమీద మిగిలిపోయిన ఒక కాగితం ముక్క తీసి, మడిచి, మళ్లీ విప్పారు.

"నీకు చెప్పనని ఒట్టేయించుకున్నాడు."

"ఇప్పుడు చెప్పండి."

"మధ్యాహ్నం దాటితే వాడి చెయ్యి ఆడేది కాదమ్మా. తిండి సహించేది కాదు. ఆ కాగితాల కట్టల మీదే ఒరిగి పడుకునేవాడు. నువ్వొచ్చే వేళకి నేను లేపితే మొహం కడుక్కుని కూర్చునేవాడు. డాక్టరు దగ్గరికి పోదాం రారా అంటే, ఈ రిజిస్టర్లు కానియ్ అన్నయ్యా అనేవాడు. అవి అయ్యాక కాస్త తేరుకున్నట్టే కనిపించాడు. నేనూ నమ్మాను."

"ఎన్ని రోజులు అలా?"

"ఆ ఇరవై రోజులూ."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. బోర్డు మీద నా చేత్తో రాసిన ఇరవై అది. అన్న లేని లోటు అనుకుని రాశాను. అది జబ్బు. ఆయన ఒంట్లోని జబ్బు అంకెగా మారి నా ముందు నిలబడితే, దాంతో భాగించి, తీసివేసి, మళ్లీ భాగించి, నలభై రెండు సార్లు టిక్కు పెట్టాను. వాక్యం పూర్తి చెయ్యని ఆ డాక్టరు అడిగిన మూడు నెలలూ నా దగ్గరే ఉన్నాయి. ఇరవై ఎందుకైంది అని ఒక్కసారి అడిగి ఉంటే చాలు. అడగకపోగా ఎగతాళి చేశాను.

బావగారు ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆయనకు మంచినీళ్లు ఇచ్చి, సాయంత్రమైందని ఇంటికి పంపించాను.

మర్నాడు బడికి సెలవు పెట్టి సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాను. ప్యూను అప్పటికే తువ్వాలు మూట ఆయన బల్ల మీద పెట్టేశాడు. జరిగింది చెప్పాను. బావగారి కళ్ల సంగతి చెప్పాను. ఇరవై రోజుల సంగతి చెప్పలేదు.

"జిగురు వేసినవన్నీ మళ్లీ విప్పాలి కదండీ," అన్నాడు.

"విప్పాలి."

"మిగిలింది ఎనిమిది రోజులు."

"తప్పు ఆయనది కాదు. గడువు చెప్పింది నేను."

"ఎవరిదైతే ఏముంది టీచరుగారూ," అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. నిజంగానే ఏమీ లేదు. ఆ మధ్యాహ్నమే ఆఫీసు బండి వచ్చింది. 240 రిజిస్టర్లూ ఎక్కాయి. బావగారు నిజంగా కుట్టిన ముప్పై ఒకటి విడిగా తాడుతో కట్టి, పైన పెట్టించారు. బండి కదిలాక ముందుగది చాలా వెడల్పుగా కనిపించింది.

ఆయన స్టూలు మీద కూర్చుని, చాలాసేపటికి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను. మొహమాటానికి చెప్పకు. నీకు లెక్క తెలుసు."

"అడగండి."

"వాడు విప్పినవి విప్పగా, నావంటూ కొన్ని నిలిచి ఉంటాయి కదా. ఈ నాలుగేళ్లలో, ఇద్దరం చేశాం అని వాడు అందరితో చెప్పేవాడే, అందులో నాది ఎంత? వాడికి నేను ఏమన్నా సాయపడ్డానా, లేక ఊరికే కూర్చున్నానా?"

లెక్క అప్పటికే నా తలలో పూర్తయింది. అది నేను కావాలని చెయ్యలేదు. పోయిన ఏడు మధ్యాహ్నం దాకానే చేసిన ఇరవై సగం రోజులంటే పది నిండు రోజులు. ఒంట్లో బాగుంటే మా ఆయన ఒక్కరే 240 రిజిస్టర్లను పది రోజుల్లో కుట్టేవారు, రోజుకు ఇరవై నాలుగు. అన్నతో కలిసి చేస్తే రోజుకు ఇరవై. బావగారి వంతు సున్నా కూడా కాదు. సున్నాకు కింద నాలుగు. ఆయన పాడుచేసినవి విప్పి కుట్టడానికి నా భర్త ప్రతి ఏటా రెండు రోజులు ఎక్కువ పనిచేశారు. అది నాకు చెప్పలేదు, ఆయనకు చెప్పలేదు.

ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. తెలిసి తప్పు జవాబు ఎప్పుడూ చెప్పలేదు.

"రోజుకు ఎనిమిది," అన్నాను.

"నిజంగానా?"

"అప్పుడు చెప్పిందే. జబ్బు సంగతి కలిపి చూసినా మారదు."

"ఎనిమిది." ఆయన ఆ మాటను నోట్లో పెట్టుకుని చూసినట్టు మెల్లగా అన్నారు. "అంటే మరీ దండగమారి బతుకేం కాదన్నమాట. అయితే ఈసారి చేతకాకపోవడం వాడు పోయిన దిగులు వల్లేనంటావా? మనసు కుదురుగా లేక?"

"అయ్యుంటుంది."

ఆయన లేచి, తలుపు దగ్గర ఆగి, "నువ్వు చెప్తే నమ్ముతానమ్మా. ఇంకెవరు చెప్పినా నమ్మను," అని వెళ్లారు.

తర్వాత నాలుగు రోజులు రాలేదు. ముందుగదికి తాళం వెయ్యాలి అనుకుంటూనే వెయ్యలేదు. ఐదోరోజు నేను బడినుంచి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. బల్ల మీద పాత పుస్తకాలు రెండు దొంతరలుగా ఉన్నాయి. బావగారు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నారు.

"లైబ్రరీవాళ్లవి. నలభై పుస్తకాలు," అన్నారు. "వాళ్లకీ మెషిన్ పిచ్చే పట్టింది. నేను వదల్లేదు. ఐదు రోజుల్లో చేతిలో పెడతానని మాటిచ్చి తెచ్చాను. ఎనిమిదైదులు నలభై. సరిపోయింది కదా?"

"సరిపోయింది."

"నీ లెక్క మీదే వెళ్లానమ్మా. లేకపోతే నోరు తెరిచి అడిగేవాణ్ణి కాదు. ఇవాళ్టి ఎనిమిదీ అయిపోయాయి. ఈసారి జిగురు కాదు, కుట్టే. కావాలంటే చూసుకో." బల్ల చివర ఎనిమిది పుస్తకాలు అట్టలు లేకుండా, కుట్టు మాత్రం పూర్తయి ఉన్నాయి. "రేపు పెందరాళే వస్తాను. నువ్వు బడికెళ్లే ముందు కాస్త టీ ఇద్దువుగాని."

ఆయన వెళ్లాక ఎనిమిది పుస్తకాలనూ కిటికీ దగ్గరకు తీసుకెళ్లాను. ఇంకా పగటి వెలుతురు ఉంది. ఒకటి బాగానే ఉంది. ఏడింటిలో సూది మడత తప్పి అచ్చు మీదుగా దిగింది. దారం లాగిన చోటల్లా కాగితం చీలి ఉంది. వాటిని అలాగే పంపితే లైబ్రరీ నుంచి ఇంకో ప్యూను వస్తాడు.

మా ఆయన కత్తెర బల్ల సొరుగులోనే ఉంది. ఏడు పుస్తకాల కుట్లూ కత్తిరించాను. దారాలు లాగేశాను. అది కష్టం కాలేదు. చీలిన చోట సన్న కాగితం అతికాను, అదీ వచ్చింది. తర్వాత సూదికి దారం ఎక్కించుకుని ఆయన కుర్చీలో కూర్చున్నాను. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన కుడుతుంటే చాలాసార్లు చూశాను. చెయ్యి ఎటునుంచి ఎటు వెళ్లేదో మాత్రం ఎప్పుడూ గమనించలేదు.

మొదటి ఫారాన్ని, అంటే ఒక మడత కాగితాల కట్టని, చట్రం మీద పెట్టాను. మడత మధ్యలోంచి సూది లోపలికి వెళ్లింది కానీ బయటికి వచ్చేటప్పుడు పక్కకు జారింది. కాగితం చిరిగింది. దారం వెనక్కి తీసి, మళ్లీ పెట్టాను. మళ్లీ చిరిగింది. ఏడు పుస్తకాలకు పుస్తకానికి పన్నెండేసి ఫారాలు. నాకు ఒక ఫారానికి ఎంతసేపు పడుతుందో తెలియదు. ఒక్కటైనా పూర్తయితే కదా లెక్క కట్టడం. చిరిగినదాన్ని పక్కన పెట్టి, రెండోది తీసుకున్నాను.